రాజ్‌పుతానా ఓడ నమూనా: ప్రాజెక్టు డైరీ

జూలై 6

తెల్ల పొణికి చెక్క ఈ రోజు ఇంటికి చేరింది. కొండపల్లి బొమ్మలు చేసే చెక్కే ఇది. చేత్తో ఎత్తితే బరువే తెలియదు, చాకు పెడితే లేత కొబ్బరి ముక్కలా తెగుతుంది. నాలుగు పలకలు తెప్పించాను. ఇంకో రెండు చెప్పాల్సిందని అప్పుడే అనిపిస్తోంది.

చేయబోయే ఓడ పేరు రాజ్‌పుతానా. పేరు తెలియకపోయినా దాని డెక్కును మీలో చాలామంది చూసే ఉంటారు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్తూ గాంధీజీ ఓడ మీద శాలువా కప్పుకుని కనిపించే ఫొటోలు ఉన్నాయి కదా, ఆ ఓడే. ఆ తర్వాత పదేళ్లు తిరగకముందే ఇదే ఓడ ఎనిమిది ఫిరంగులు మోస్తూ అట్లాంటిక్‌లో సరుకు ఓడలకు కాపలా కాసింది. 1941 ఏప్రిల్ 13న ఐస్‌లాండ్‌కు పడమరగా, జర్మన్ జలాంతర్గామి వేసిన టార్పెడో దెబ్బకు మునిగిపోయింది. గాంధీజీ ప్రయాణం గురించి తెలుగులో ఎన్నో చోట్ల చదివాను. ఓడ చివరి రోజుల గురించి నేను చదివిన తెలుగు పుస్తకాల్లో ఎక్కడా కనపడలేదు. ఈ పని నెత్తిన వేసుకోవడానికి కారణం అదే.

రెండు నమూనాలు చేస్తాను. మొదటిది 1931 నాటి పూర్తి ఓడ, 200వ వంతు కొలతలో. అసలు ఓడ పొడవు సుమారు 167 మీటర్లు, వెడల్పు 21.6 మీటర్లు. అంటే నా బల్ల మీద 83 సెంటీమీటర్లకు కాస్త పైగా, వెడల్పు జానెడు కూడా రాదు. రెండోది ఓడ వెనుక భాగంలో ఒక ముక్క మాత్రమే, 50వ వంతు కొలతలో, 1941 నాటి రూపంలో, ఫిరంగితో సహా. ప్రయాణికులు కుర్చీలు వేసుకుని కూర్చున్న డెక్కు ఫిరంగికి ఎలా చోటిచ్చిందో దగ్గరగా చూడాలంటే చిన్న కొలత చాలదు.

జూలై 19

ఓడ అడుగును పొరలు పొరలుగా కడుతున్నాను. ఒక్కో పొరకు ఆకారం గీసి, రంపంతో కోసి, ఒకదాని మీద ఒకటి అంటించి, బిగించి, ఆరాక మెట్లు మెట్లుగా ఉన్న అంచులను ఉలితో, ఆ తర్వాత గరుకు కాగితంతో నున్నగా దించుకోవాలి. నీటి గీత కింది భాగం చేయడం లేదు. సముద్రంలో తేలుతున్నట్టే కనిపించాలి.

నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మా ఊరి షిప్‌యార్డులో ప్లేటర్‌గా, అంటే ఓడకు ఉక్కు రేకులు మలిచి అమర్చే పనిలో, జీవితమంతా గడిపిన మనిషి. ఆయన కళ్లు ఇప్పుడు పెద్దగా కనపడవు గానీ, చెక్క మీద అరచెయ్యి ఆనించి "ఇక్కడ ఎత్తుంది, చూడు" అన్నారు. నిజంగానే ఎత్తుంది. స్కేలు పెడితే అర మిల్లీమీటరు.

రాజ్‌పుతానా పుట్టిల్లు స్కాట్లాండ్. క్లైడ్ నది మీద గ్రీనక్‌లో హార్లండ్ అండ్ వుల్ఫ్ వాళ్లు పీ అండ్ ఓ అనే బ్రిటిష్ నౌకా కంపెనీ కోసం కట్టారు. 1925లో నీళ్లలోకి దించారు, ఆ ఏడాది డిసెంబరుకే సిద్ధమైంది. 16 వేల టన్నులకు పైబడిన ఓడ. అక్కచెల్లెళ్లు ముగ్గురు: రాంచీ, రాన్‌పురా, రావల్పిండి. నాలుగింటికీ అప్పటి అవిభక్త భారతదేశపు ఊళ్ల పేర్లు, ప్రాంతాల పేర్లు పెట్టారు. ఇంగ్లండు నుంచి సూయజ్ కాలువ మీదుగా బొంబాయికి, ఇంకా తూర్పు రేవులకు మనుషుల్ని, ఉత్తరాల్ని, సరుకుల్ని చేరవేయడం వీటి పని. దాదాపు 600 మంది ప్రయాణికులు పట్టేవారు, ఫస్ట్ క్లాసూ సెకండ్ క్లాసూ కలిపి.

ఇంజన్ల సంగతి నాన్నకు చదివి వినిపించాను. రెండు ప్రొపెల్లర్లు, క్వాడ్రుపుల్ ఎక్స్‌పాన్షన్ ఆవిరి ఇంజన్లు. బాయిలర్ నుంచి వచ్చిన ఆవిరి ముందు చిన్న సిలిండర్లో పనిచేసి, పీడనం తగ్గాక దానికంటే పెద్ద సిలిండర్లోకి, అక్కడి నుంచి ఇంకా పెద్దదాంట్లోకి, చివరికి నాలుగోదాంట్లోకి వెళ్తుంది. ఒకే ఆవిరి చేత నాలుగు సార్లు పని చేయించుకోవడం. వేగం 17 నాట్లు, అంటే గంటకు 17 సముద్రపు మైళ్లు. "మెయిల్ ఓడకి చాలు" అన్నారు నాన్న. ఆ మాట రాసి పెట్టుకున్నాను, తర్వాత పనికొస్తుంది.

ఆగస్టు 3

రెండు వారాల పని పాడైంది. వానలు పట్టుకున్నాయి, సముద్రపు గాలి సరేసరి. పొణికి తేమను స్పంజిలా పీల్చుకుంటుందని తెలిసీ, కోసిన పొరలను రాత్రంతా కిటికీ దగ్గర వదిలేశాను. పొద్దున్నకి ముందు భాగంలో రెండు పొరల మధ్య అతుకు విడిపోయింది. ఓడ ముక్కు ఎడమకి తిరిగి ఉంది. మూడు మిల్లీమీటర్లు. అసలు ఓడలో అది అర మీటరు పైమాట.

పై మూడు పొరలు విప్పేసి కొత్తగా కోశాను. ఈసారి చెక్కను వంటింట్లో గూటిలో నాలుగు రోజులు ఆరబెట్టి, అంటించగానే అన్ని వైపులా సీలర్ రెండు పూతలు పూశాను. లోపల పొడవునా ఒక టేకు బద్దను వెన్నెముకలా దూర్చాను. ఇక తిరగదు.

ఆగస్టు 29

1931లో ఇదే తారీఖున గాంధీజీ బొంబాయిలో రాజ్‌పుతానా ఎక్కారు. అందుకని ఈ రోజు మొదటి రంగు వెయ్యాలని ముందే అనుకున్నాను.

పీ అండ్ ఓ ఓడలకు అప్పట్లో నల్లటి ఒళ్లు, దాని మీద సన్నటి తెల్ల గీత, పైన అంతస్తులకు రాతిరంగు లాంటి లేత గోధుమ రంగు, నల్లటి పొగ గొట్టాలు. ఆ కంపెనీ ఓడ అనగానే చాలామందికి తెల్లటి ఒళ్లు గుర్తొస్తుంది. అది అదే 1931లో వచ్చిన స్ట్రాత్‌నేవర్‌తో మొదలైంది, దీనికి వర్తించదు. నల్ల రంగు ఎయిర్ బ్రష్‌తో మూడు పలుచటి పూతలు. పోర్ట్‌హోల్స్, అంటే ఓడ పక్కల్లోని గుండ్రటి కిటికీలు, ఒకటిన్నర మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో చేత్తోనే తొలిచాను. మిషన్ పెడితే పొణికి పీచులు లేస్తుంది.

ఆ ప్రయాణంలో గాంధీజీతో ఆయన కార్యదర్శులు మహదేవ్ దేశాయ్, ప్యారేలాల్, శిష్యురాలు మీరాబెన్, కొడుకు దేవదాస్ ఉన్నారు. మదన్ మోహన్ మాలవీయ గారు ఉన్నారు. మన హైదరాబాద్ కోడలూ ఆడపడుచూ రెండూ అయిన సరోజినీ నాయుడు గారు ఉన్నారు. గాంధీజీ ఓడలో ఉన్న తరగతుల్లో కింది తరగతి, అంటే సెకండ్ క్లాసు, ఎంచుకున్నారు. ఎక్కువ సేపు డెక్కు మీదే గడిపారు, రాత్రిళ్లు అక్కడే పడుకున్నారు, ప్రార్థన అక్కడే, రాట్నం అక్కడే. వెంట వచ్చినవాళ్లు తెచ్చిన పెట్టెలు మరీ ఎక్కువైపోయాయని, అక్కర్లేనివాటిని ఏడెన్ నుంచి వెనక్కి పంపించేశారు. ఎర్ర సముద్రం, సూయజ్ దాటి సెప్టెంబరు 11న ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో దిగారు. మర్నాటికి లండన్. తిరుగు ప్రయాణానికి వేరే ఓడ ఎక్కారు.

ఎర్ర సముద్రంలో ఎండ తట్టుకోవడానికి డెక్కుల మీద గుడ్డ పందిళ్లు కట్టేవారు. వాటికోసం పొందూరు ఖాదీ పీలిక ఒకటి దాచి ఉంచాను. ఇంట్లో పాత పంచెది. సన్నటి నూలు కాబట్టి 200వ వంతులో కూడా మోటుగా కనిపించదు. పలుచటి జిగురు నీళ్లలో ముంచి, రాగి తీగల చట్రం మీద ఆరబెడితే కాన్వాసులా బిగుసుకుంది. వెనుక వైపు డెక్కు మీద ఆ పందిరి అతికించాక చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఈ మొత్తం నమూనాలో ఇప్పటివరకు నాకు బాగా నచ్చిన రెండంగుళాలు అవే.

సెప్టెంబరు 21

ఏటికొప్పాక వెళ్లొచ్చాను. పొగ గొట్టాలు, స్తంభాలు, గాలి గొట్టాలు, తాళ్లు చుట్టే బొల్లార్డులు అన్నీ అంకుడు కర్రతో తీయించాను. లేత్ మీద కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. నల్ల లక్క కావాలన్నాను. చివర్లో మొగలి ఆకుతో రుద్దే మెరుగు మాత్రం వద్దన్నాను. "మెరవకపోతే మా పనని ఎవరనుకుంటారండీ?" అని ఆ పెద్దాయన బాధపడ్డారు. పొగ గొట్టం మెరవకూడదని ఒప్పించడానికి అరగంట పట్టింది. ఆయన మాట కూడా కొట్టెయ్యలేక స్తంభాలకు మాత్రం మెరుగు పెట్టించాను.

అక్టోబరు 18

రెయిలింగులు. పాత మోటారు వైండింగులోని రాగి తీగ. మూడు వారాల సాయంత్రాలు పట్టింది. దీని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

నవంబరు 9

మొదటి నమూనా ముప్పాతిక వంతు అయింది, పడవలకు కట్టే తాళ్లు మిగిలాయి. వాటిని పక్కన పెట్టి రెండో ముక్క మొదలుపెట్టాను. ఓడ వెనుక భాగంలో 20 మీటర్ల పొడవు, అంటే 40 సెంటీమీటర్లు. పక్క గోడలు ప్లై, మీద సన్న రేకు. డెక్కుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లై, దాని మీద రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పున టేకు వెనీర్ పట్టీలు. పట్టీకి పట్టీకి మధ్య నల్ల కాగితం అంచు నిలబెడితే తారు పట్టించిన సందులా కనపడుతుంది.

ప్లై తెచ్చిన కొట్లో తడిసిన సరుకు అంటగట్టారు. ఇంటికొచ్చాక అంచు చీలితే గానీ తెలియలేదు. మార్చి ఇవ్వమంటే కుదరదన్నారు. మళ్లీ వేరే చోట కొన్నాను. అందువల్ల వారం పోయింది.

ఈ వారంలో చదువుకున్నది రాస్తాను. ప్రయాణికుల ఓడను యుద్ధానికి తీసుకోవడం బ్రిటన్‌కు కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ చేశారు. ఇలా మార్చిన ఓడను ఆర్మ్‌డ్ మర్చంట్ క్రూయిజర్ అంటారు. కారణం చాలా సూటిగా ఉంటుంది. సముద్రం మీద కాపలాకు కావాల్సినన్ని క్రూయిజర్లు, అంటే దూరాలు తిరిగే యుద్ధనౌకలు, నౌకాదళం దగ్గర లేవు, కొత్తవి కట్టాలంటే ఏళ్లు పడుతుంది. పెద్ద ప్రయాణికుల ఓడలైతే రెడీగా ఉన్నాయి. దూరం పోగలవు, ఎంత పెద్ద అలల్లోనైనా నిలబడగలవు. ఫిరంగులు బిగిస్తే సరిపోతుంది అనుకున్నారు. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటన్ ఇలా 50 దాకా ఓడలు తీసుకుంది. రాజ్‌పుతానా అక్కచెల్లెళ్లు నలుగురూ వెళ్లారు.

డిసెంబరు 7

రాజ్‌పుతానా యుద్ధనౌకగా కొలువులో చేరింది 1939 డిసెంబరులో. ఆ నెలలోనే ఫిరంగి పని చేస్తున్నాను.

ఎనిమిది 6 అంగుళాల ఫిరంగులు, విమానాల మీదికి రెండు 3 అంగుళాలవి. లెక్కకు చూస్తే ఒక చిన్న క్రూయిజర్‌కు ఉండేంత. కానీ ఇలాంటి ఓడలకు ఇచ్చినవి ఎక్కువగా మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు తరం ఫిరంగులు. అవి కూడా చెరో పక్కన సగం సగం బిగించడం వల్ల, ఒక పక్క శత్రువు మీదికి ఒకేసారి సగమే పేలతాయి. ఆ కాలపు 6 అంగుళాల ఫిరంగి గొట్టం పొడవు దాదాపు 7 మీటర్లు, గొట్టం బరువే 7 టన్నుల దాకా. ఒక్కో గుండు 45 కిలోలు, మనుషులు చేతులతో మోసి ఎక్కించాలి.

50వ వంతులో గొట్టం 14 సెంటీమీటర్లు. గాజువాకలో లేత్ పని చేసే ఆయన దగ్గరికి డ్రాయింగు పట్టుకెళ్లాను. "ఇత్తడైతే బరువు కదా మాస్టారూ, అల్యూమినియంలో తీసేమంటారా?" అన్నారు. వద్దు, బరువే కావాలన్నాను. ఎందుకన్నానో అప్పటికి నాకే సరిగ్గా తెలియదు. ఫిరంగి చేతిలో పట్టుకుంటే ఫిరంగిలా ఉండాలని, అంతే. గొట్టం, దాని కింద పీఠం, గుండ్రటి పళ్లెం, అన్నీ ఇత్తడి. బేరం లేకుండా చేసిచ్చారు. పూర్తయ్యాక గొట్టం చివర కన్ను పెట్టి లోపలికి చూసి, మూడు మిల్లీమీటర్ల రంధ్రం తిన్నగా పడిందని తృప్తిగా నవ్వారు.

డిసెంబరు 14

రాత్రి ఫిరంగిని డెక్కు మీద బిగించి పడుకున్నాను. పొద్దున చూస్తే డెక్కు కుంగింది. ఎక్కువేం కాదు, పీఠం చుట్టూ సాసరులా నాలుగు మిల్లీమీటర్లు. టేకు పట్టీలు మూడు లేచిపోయాయి. నల్ల కాగితం సందుల్లోంచి బయటికొచ్చింది. నాలుగు వారాల పని.

కాసేపు చాలా కోపం వచ్చింది, ముందు ప్లై మీద, తర్వాత నా మీద. నాన్న వచ్చి వేలితో ఆ గుంట చుట్టూ తడిమి చూశారు. "కింద ఏం పెట్టావు?" అని అడిగారు. ఏమీ పెట్టలేదు. కింద ఖాళీ. "పైన బరువు పెడితే కింద కాలు పెట్టాలి కదరా. ఇది కుర్చీలకి వేసిన డెక్కు."

ఆ మాట విన్నాక ఇంక కోపం లేదు. 1939లో షిప్‌యార్డు వాళ్ల ముందు ఉన్న సమస్య సరిగ్గా ఇదే. ప్రయాణికుల ఓడ డెక్కు మనుషుల నడకకు, కుర్చీలకు, అలల తాకిడికి లెక్కవేసి కట్టింది. దాని మీద టన్నుల బరువు ఒకే చోట పెట్టాలి. బరువు ఒక్కటే అయితే సరే, పేలిన ప్రతిసారీ ఆ వెనక తోపు కూడా డెక్కే తట్టుకోవాలి. అందుకని ఫిరంగి పెట్టే ప్రతి చోటా కింద అంతస్తుల్లో ఉక్కు స్తంభాలు నిలబెట్టి, దూలాలు బలపరిచి, ఆ బరువును అంచెలంచెలుగా కిందికి దించాలి. ఆ స్తంభాలు ఎక్కడ పడతాయి? నిన్నటిదాకా జనం భోంచేసిన హాల్లో, పడుకున్న క్యాబిన్లో. ఓడను యుద్ధానికి మార్చారు అని ఒక్క వాక్యంలో చదివేసినప్పుడు నాకు పైన గొట్టమే కనపడింది. కింద కాళ్లు కనపడలేదు.

డిసెంబరు 28

కొత్త డెక్కు వేశాను. దాని కింద గదులు కూడా కట్టాలని నిర్ణయించుకున్నాను. ఇది ముందు ప్లానులో లేదు.

రాజ్‌పుతానా, దాని తోటి ఓడల లోపలి అలంకరణలో చాలావరకు ఎల్సీ మెకే అనే ఆవిడ చేశారు. కంపెనీ అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్ కూతురు. నటి, పైలట్. 1928 మార్చిలో కెప్టెన్ హించ్‌లిఫ్‌తో కలిసి విమానంలో అట్లాంటిక్ దాటాలని బయల్దేరి ఇద్దరూ సముద్రంలో గల్లంతయ్యారు. ఆవిడ శ్రద్ధగా ఎంపిక చేసిన గదులు చివరికి అదే అట్లాంటిక్ అడుగుకు చేరాయి. ఇది చదివిన రోజు పని చేయబుద్ధి కాలేదు.

ఓడల్ని ఇలా మార్చేటప్పుడు నిప్పంటుకునే చెక్క పనితనం, తెరలు, తివాచీలు వీలైనంత తీసేసేవారు. నేను చేస్తున్న గదిలో ఒక గోడకు మాత్రం చెక్క పలకల అలంకారం సగం వరకు ఉంచాను, మిగతా సగం పీకేసినట్టు, వట్టి రేకు కనపడేట్టు. గది మధ్యలోంచి రెండు ఉక్కు స్తంభాలు. సైకిలు చువ్వలు కోసి, రెండు కొసలా పళ్లేలు అతికించి, ఎర్ర ప్రైమర్ పూశాను. ఎర్ర ప్రైమర్ వాసన రాగానే నాన్న లేచొచ్చారు.

జనవరి 18

ఫిరంగి మళ్లీ ఎక్కించాను. వారం నుంచి చూస్తున్నాను. డెక్కు వెంట్రుక వాసి కూడా కదల్లేదు.

ఫిబ్రవరి 1

బూడిద రంగు రోజు. పక్క గోడలు, రెయిలింగు, ఫిరంగి పీఠం. టేకు డెక్కు మీద మాసిన బూడిద రంగు పలుచగా వేసి, మనుషులు నడిచే చోట కాస్త అరిగినట్టు రుద్దాను. కింద పాత నలుపు ఒకటి రెండు గీతల్లో తొంగిచూసేలా వదిలాను. ఉప్పు నీళ్లలో తిరిగే ఓడకు రంగు ఎప్పుడూ నిండుగా ఉండదు.

రంగు ఆరేలోపు రాయాల్సినది చాలా ఉంది. ఫిరంగి బిగించినంత మాత్రాన ఈ ఓడ యుద్ధనౌక కాలేదు. యుద్ధనౌకకు ఇంజన్లను, మందుగుండు గదులను కాపాడటానికి చుట్టూ దట్టమైన ఉక్కు కవచం ఉంటుంది. దీనికి లేదు. ఎత్తైన పక్కల వల్ల ఎంత దూరం నుంచైనా కనపడుతుంది. మెయిల్ ఓడకు చాలిన ఆ 17 నాట్లు 31 నాట్ల యుద్ధనౌక ముందు ఎందుకూ చాలవు. ఆర్మ్‌డ్ మర్చంట్ క్రూయిజర్ అనే మూడు మాటల మొదటి ఇంగ్లీషు అక్షరాలు తీసుకుని, నావికులు దాన్ని "అడ్మిరాల్టీ (బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపే శాఖ) చేసిన శవపేటికలు" అని అర్థం వచ్చేలా మార్చి చెప్పుకునేవారు. తాము ఏ ఓడలో ఉన్నామో వాళ్లకు బాగా తెలుసు.

చెల్లెలు రావల్పిండి కథే చూడండి. 1939 నవంబరు 23న ఐస్‌లాండ్‌కు, ఫారో దీవులకు మధ్య గస్తీ తిరుగుతుండగా షార్న్‌హోర్స్ట్, నైసెనావ్ అనే రెండు జర్మన్ యుద్ధనౌకలు ఎదురయ్యాయి. ఒక్కోదానికి 28 సెంటీమీటర్ల ఫిరంగులు తొమ్మిదేసి. కెప్టెన్ ఎడ్వర్డ్ కెన్నెడీ వయసు అరవై, రిటైరయ్యాక మళ్లీ పిలిపించుకున్న మనిషి. లొంగిపోలేదు. 40 నిమిషాల్లో అయిపోయింది. 238 మంది చనిపోయారు. రాజ్‌పుతానా కొలువులో చేరింది ఆ మరుసటి నెలలో. తమ ఓడకు అచ్చు జంట లాంటి ఓడకు ఏమైందో విని కూడా ఆ సిబ్బంది అదే కొలతల ఓడ ఎక్కారు. నేను ఈ డెక్కు మీద బ్రష్ పెట్టినప్పుడల్లా ఆలోచించేది అదే.

వాళ్లలో చాలామంది వృత్తి సైనికులు కూడా కాదు. ఇలాంటి ఓడల్లో ఇంజన్ గదివాళ్లు, వంటవాళ్లు, స్టీవార్డుల్లో ఎందరో అంతకుముందు వాణిజ్య నౌకల్లో పనిచేసినవాళ్లే. టీ 124 అనే ప్రత్యేక ఒప్పందం మీద సంతకం పెట్టి, నౌకాదళం క్రమశిక్షణ కిందికి వచ్చారు. శాంతికాలంలో పీ అండ్ ఓ ఓడలు నడిపింది ఎక్కువగా మన దేశపు నావికులు. డెక్కు మీద కొంకణ తీరం, గుజరాత్ వాళ్లు, ఇంజన్ గదిలో పంజాబ్, సరిహద్దు ప్రాంతాల వాళ్లు, భోజనశాలలో గోవా వాళ్లు. వాళ్ల చేతులు అరగదీసిన రెయిలింగులు ఇవి.

ఫిబ్రవరి 22

పీపాలు చేస్తున్నాను. ఇలాంటి ఓడల్లో సరుకు వేసే అరల నిండా మూతలు బిగించిన ఖాళీ డ్రమ్ములు పేర్చేవారు. టార్పెడో తగిలి నీళ్లు లోపలికి వచ్చినా, ఆ డ్రమ్ముల్లోని గాలి ఓడను కొంతసేపు తేల్చి ఉంచుతుందని. కవచం బదులు ఖాళీ పీపాలు. డెక్కు కింద రెండో అంతస్తులో ఒక మూల కనపడేలా ముప్పై పేర్చాను. జామ కొమ్మలు గుండ్రంగా కోసి, వైరు రింగులు తొడిగి.

రాజ్‌పుతానా పని కాన్వాయ్ కాపలా. కెనడాలోని హాలిఫాక్స్ నుంచి బ్రిటన్‌కు ఓడలు గుంపుగా బయల్దేరేవి. తిండి గింజలు, నూనె, ఇనుము, కలప. ఆ గుంపుల పేర్లు హెచ్ఎక్స్ అనే అక్షరాలతో మొదలవుతాయి. మధ్య సముద్రంలో ఆ గుంపుకు చాలాసార్లు ఇలాంటి ఒక్క ఓడే దిక్కు. మామూలు రోజుల్లో ఈ పనిలో పొగమంచు, చలి, ఎదురుచూపు తప్ప ఏమీ ఉండదు. కానీ 1940 నవంబరు 5న హెచ్ఎక్స్ 84 గుంపు మీద అడ్మిరల్ షీర్ అనే జర్మన్ యుద్ధనౌక పడ్డప్పుడు, కాపలాగా ఉన్న జెర్విస్ బే దానికి ఎదురెళ్లింది. అదీ ప్రయాణికుల ఓడే. గెలవలేదు, గెలుస్తామనీ వెళ్లలేదు. అది తగలబడి మునిగేలోపు గుంపులోని ఓడలు చీకట్లోకి చెల్లాచెదురై, ఎక్కువ భాగం తప్పించుకున్నాయి. కెప్టెన్ ఫెగెన్‌కు మరణానంతరం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఈ మార్చిన ఓడల వల్ల ప్రయోజనం ఏమిటని అడిగేవాళ్లకు నేను చూపించేది ఆ సాయంత్రాన్నే. తమ ప్రాణం ఖర్చుపెట్టి కాస్త సమయం కొనగలవు.

ఏప్రిల్ 4

1941లో ఈ రోజు వోల్టేర్ అనే మార్చిన ఓడను, తానూ ఒక మార్చిన వాణిజ్య నౌకే అయిన జర్మన్ థోర్ ముంచింది. నేను ఈ రోజు డ్రమ్ములకు తుప్పు రంగు వేశాను.

ఏప్రిల్ 6

1941లో ఈ రోజు కొమొరిన్. మన కన్యాకుమారి పేరు మీదున్న పీ అండ్ ఓ ఓడ. శత్రువు అక్కర్లేకుండానే సొంత మంటల్లో కాలిపోయింది. చెక్క పీకేయడం ఎందుకు అంత ముఖ్యమో దీన్ని బట్టి తెలుస్తుంది. అలంకారపు గోడ సగం ఉంచాను కదా, ఇప్పుడు ఇంకొంచెం పీకేశాను.

యుద్ధం మొత్తంలో బ్రిటన్ ఇలాంటి ఓడలు 15 పోగొట్టుకుంది. అందులో మూడు ఈ పది రోజుల్లోనే. మూడోది మనది.

ఏప్రిల్ 13

సాయంత్రం నాలుగుకు పని ఆపాను.

1941లో ఈ రోజు, కాన్వాయ్‌ని వదిలి ఐస్‌లాండ్ పడమర గస్తీలో ఉన్న రాజ్‌పుతానాను క్లాస్ షోల్ట్స్ నడుపుతున్న జర్మన్ జలాంతర్గామి యూ 108 టార్పెడోతో కొట్టింది. గంటకు పైగా తేలుతూనే ఉంది. ఆ గంట వల్లే సుమారు 280 మంది బతికారు. లీజియన్ అనే బ్రిటిష్ డిస్ట్రాయర్ (చిన్న, వేగమైన యుద్ధనౌక) వాళ్లను నీళ్లలోంచి తీసి ఐస్‌లాండ్‌కు చేర్చింది. సుమారు 40 మంది పోయారు. వాళ్లలో కమాండర్ రిచర్డ్‌సన్ ఉన్నారు. యుద్ధానికి ముందు, ఇది ఇంకా ప్రయాణికుల ఓడగా ఉన్నప్పుడు, దీనికి చివరి కెప్టెన్ ఆయనే. ఫిరంగులు వచ్చాక ఓడ మీద అధికారం నౌకాదళం కెప్టెన్‌ది అయింది. ఆయన మాత్రం ఓడను వదల్లేదు, దానితోనే పోయారు.

రాంచీ, రాన్‌పురా యుద్ధం దాటి బతికాయి.

రెండు నమూనాలనూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఖాదీ పందిరి వేసిన పూర్తి ఓడ ఒక పక్క. ఫిరంగి ముక్క ఇంకో పక్క. కింద అంతస్తులను మూసేయడానికి ఒక వైపు గోడ పలక కోసి, రంగు వేసి, స్క్రూలు కూడా సిద్ధం చేసుకున్నాను. బిగించబోతే నాన్న "ఉండు" అని, చెయ్యి లోపలికి పోనిచ్చి, స్తంభాలను ఒక్కొక్కటే పట్టుకుని చూశారు. పీపాలను తడిమారు. సగం పీకిన గోడ మీద చెయ్యి కాసేపు ఆగింది.

"ఇవన్నీ మూసేస్తావా?"

మూసెయ్యలేదు. ఆ వైపు అలాగే తెరిచి ఉంచుతున్నాను. పలకను అటక మీద పెట్టేశాను. వచ్చే వారం పెద్ద ఓడకు పడవల తాళ్లు కట్టాలి. నల్ల పట్టు దారం తెప్పించాను, మైనం పూసి ఆరబెట్టాను.